మాఫీ చేయగలిగినదీ, చేయలేనిదీ

వాహనమున్న ఇంట బీమా ప్రస్తావన వచ్చిందంటే మన సంభాషణ సాధారణంగా రెండు దారులు పడుతుంది. ఇది ధర్మసమ్మతమేనా, ఇందులో వడ్డీ, జూదం, అనిశ్చితి కలిసి లేవా అన్నది ఒక దారి. ఏటా ఇన్ని వేలు ఎవరు పోస్తారు, పోలీసులు ఆపిన రోజున చూసుకుందాంలే అన్నది రెండవది. మొదటిది ధర్మచింత, రెండవది డబ్బు చింత. విచిత్రమేమిటంటే ఈ రెండూ చాలాసార్లు ఒకే చోటికి చేరుతాయి: బండిలో చెల్లుబాటయ్యే కాగితం ఉండదు. నిరుడు అటువంటి కాగితం లేని బండి ఒకటి మా కారును గుద్దింది. ఆ నష్టాన్ని లెక్కగట్టవలసి వచ్చిన వారం రోజులలో మా ఇంట జరిగిన తర్జనభర్జన పాఠక సోదర సోదరీమణులకు ఉపయోగపడవచ్చునని ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

సంఘటన చిన్నదే. నంద్యాలలో మా చెల్లెలి ఇంట అఖీఖా ముగించుకొని కర్నూలుకు తిరిగి వస్తున్నాం. కారు నేనే నడుపుతున్నాను. అమ్మీ నా పక్క సీటులో, నా భార్య, పిల్లవాడు వెనుక కూర్చున్నారు. ఓర్వకల్లు దాటిన తరువాత ఎడమవైపు పల్లె దారిలోంచి కూరగాయల బుట్టలతో ఒక ట్రాలీ ఆటో ఆగకుండా జాతీయ రహదారి మీదికి వచ్చింది. నేను కుడికి తిప్పి బ్రేకు తొక్కేలోగానే అది మా ముందు బంపర్‌ను, ఫెండర్‌ను, ఎడమ తలుపును ఒరుసుకుంటూ గుద్దింది. అమ్మీ చేతిలోని తస్బీహ్ దారం తెగి పూసలు సీటు కింద చెల్లాచెదురయ్యాయి. అల్లాహ్ దయవల్ల ఎవరికీ దెబ్బ తగలలేదు. లోపలికి వంగిన ఆ తలుపు రేకుకూ అమ్మీ మోకాలికీ మధ్య మిగిలిన ఎడం జానెడు కూడా లేదు. ఆ జానెడును తలచుకున్నప్పుడల్లా నాకిప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది.

ఆటో నడిపే యువకుడు పారిపోలేదు. పక్క దారి నుంచి వచ్చినవాడు తానే కనుక వాదించనూ లేదు.

"తమ్ముడూ, ఇన్సూరెన్స్ కాగితం ఉందా?" అని అడిగాను.

"లేదు సార్. అయిపోయింది. మళ్లీ కట్టలా" అన్నాడు తల వంచుకొని.

ఫోనులో ఎంపరివాహన్ యాప్ తెరిచి బండి నంబరు కొట్టి చూశాను. గడువు ముగిసి ఎనిమిది నెలలయింది. ఈ సౌకర్యం అందరికీ ఉన్నదే. ఏ బండికి బీమా ఉందో, ఎప్పటివరకు ఉందో నంబరుతోనే తెలిసిపోతుంది. (జుమా నాడు మా మసీదు ముందు బారులు తీరే మోటారు సైకిళ్ల నంబర్లు కూడా ఒకసారి కొట్టి చూడాలని ఆ తరువాత చాలాసార్లు అనిపించింది. 2018 సెప్టెంబరు నుండి కొత్త ద్విచక్ర వాహనానికి ఐదేళ్ల థర్డ్ పార్టీ బీమా, కొత్త కారుకు మూడేళ్లది కొనేటప్పుడే తప్పనిసరి చేశారు. ఆ గడువు నిండాక గుర్తుపెట్టుకొని తిరిగి కట్టేవారెందరో!)

ఇక్కడ ‘థర్డ్ పార్టీ’ అన్న మాటను కొంచెం విడదీయాలి. పాలసీ తీసుకున్నవాడు మొదటి పక్షం, కంపెనీ రెండవ పక్షం, దారిన పోయే లోకమంతా మూడవ పక్షం. మోటారు వాహనాల చట్టం, 1988లోని 146వ సెక్షను తప్పనిసరి చేసింది ఈ మూడవ పక్షపు బీమానే. నా కారు సొట్ట పోవడానికి నేను చేయించుకునే బీమాను ఏ చట్టమూ నిర్బంధించలేదు. నా వల్ల ఇతరులకు కలిగే హాని కోసం చేయించవలసినదాన్ని మాత్రమే నిర్బంధించింది. ఆ యువకుడు కట్టవలసింది సుమారు ఐదువేలు. అది కట్టి ఉంటే మా కారుకు జరిగిన నష్టాన్ని అతని కంపెనీ నుండి కోరే హక్కు మాకు ఉండేది. ఆస్తి నష్టానికి 7,50,000 రూపాయల వరకు అటువంటి పాలసీ బాధ్యత వహిస్తుంది. అది లేనప్పుడు చట్టపరంగా దారి మూసుకుపోదు. వాహన ప్రమాద పరిహార ట్రిబ్యునల్‌కు పోవచ్చు. అయితే అక్కడ వచ్చే తీర్పు బండి యజమాని జేబు మీదనే పడుతుంది. ఆ జేబులో ఏముందో రోడ్డు మీద చెల్లాచెదురైన టమాటాలే చెబుతున్నాయి.

బీమా లేకుండా బండి నడిపినందుకు శిక్ష మొదటిసారి 2,000 రూపాయల జరిమానా, లేదా మూడు నెలల వరకు జైలు, లేదా రెండూ. రెండవసారికి జరిమానా 4,000. కట్టవలసిన ప్రీమియంలో జరిమానా సగం కూడా లేనప్పుడు ఆశ ఎటు లాగుతుందో ఊహించవచ్చు.

స్టేషనులో ఒక పెద్దమనిషి సలహా ఇచ్చాడు: "బండి ఇక్కడే పెట్టించండి సార్, డబ్బు తెచ్చాకే విడిపించుకుంటాడు." వినడానికి న్యాయంగానే ఉంది. కానీ ఆ మాట వినగానే నాకు దివ్యఖుర్‌ఆన్‌లోని అన్బియా సూరా 78, 79 ఆయతులు గుర్తుకు వచ్చాయి. రాత్రివేళ ఒకరి గొర్రెలు మరొకరి చేనిలో పడి మేసిన వ్యాజ్యం హజ్రత్ దావూద్ (అలైహిస్సలాం), హజ్రత్ సులైమాన్ (అలైహిస్సలాం)ల ముందుకు వచ్చిన ఉదంతమది. వ్యాఖ్యాతలు దానిని వివరిస్తూ, గొర్రెలను చేను యజమానికి ఇచ్చివేయాలని తండ్రి తీర్పు చెప్పారనీ, కుమారుడు మరో మార్గం చూపారనీ రాశారు. చేను తిరిగి మునుపటి స్థితికి వచ్చేవరకు గొర్రెల యజమాని దాన్ని సాగుచేయాలి. అంతవరకు గొర్రెల పాలు, ఉన్ని చేను యజమాని అనుభవించాలి. ఆ తరువాత ఎవరిది వారికి. నష్టపోయినవాడికి నష్టం పూడాలి, నష్టపరచినవాడు సర్వం కోల్పోరాదు. ఆ ఆటోయే ఆ యువకుడి గొర్రెల మంద. దాన్ని స్టేషను ఆవరణలో తుప్పు పట్టిస్తే నా తలుపు రేకు ఎక్కడి నుండి వస్తుంది? బండి నిలిపించవలసిన పని లేదన్నాను. అతని లైసెన్సు, బండి ఆర్‌సి నకళ్లు తీసుకున్నాను. జరిగినది జరిగినట్లు కాగితం మీద రాయించి ఇద్దరం సంతకాలు చేశాం.

మా కారుకు సొంత నష్టపు బీమా కూడా ఉంది. వర్క్‌షాపులో వేసిన అంచనా 42,000 రూపాయలు. అందులో ప్లాస్టిక్ భాగాలకు 12,000, రేకు భాగాలకు 16,000, పెయింటింగ్‌కు 8,000, కూలికి 6,000. కంపెనీ ఇందులో పూర్తి మొత్తం ఇవ్వదు. ఈ తరుగు లెక్క చాలామందికి బిల్లు చేతికొచ్చిన రోజున గానీ తెలియదు. ప్లాస్టిక్, రబ్బరు భాగాలకు సగమే ఇస్తారు. రేకు భాగాలకు బండి వయసును బట్టి కోత. మాది నాలుగేళ్లు దాటి ఐదేళ్లలోపుది కాబట్టి 35 శాతం. పెయింటింగ్‌లో రంగు సామగ్రిగా లెక్కించే నాలుగో వంతుకు సగం కోత. ఇవన్నీ కలిపి 12,600, చిన్న కార్లకు తప్పనిసరిగా మన వాటా కింద తీసేసే 1,000, వెరసి 13,600 మా మీద పడ్డాయి. కంపెనీ ఇచ్చేది 28,400. అదనంగా, నాలుగేళ్లుగా క్లెయిమ్ లేనందుకు మాకు సొంత నష్టపు ప్రీమియంలో వస్తున్న 45 శాతం నో క్లెయిమ్ బోనస్, ఒక్క క్లెయిమ్‌తో వచ్చే ఏటికి సున్నా అవుతుంది. అది తిరిగి పెరుగుతూ వచ్చేలోగా మాకు పోయేది నా అంచనాలో ఇంకో ఆరువేలు. తప్పు పరులది, బోనస్ మాది!

వర్క్‌షాపులో ఒకాయన మెల్లగా నా చెవిన వేశాడు: "ఆటో సంగతి ఎందుకు సార్, పార్కింగులో గోడకు తగిలిందని రాయండి, తొందరగా అయిపోతుంది. వెనుక బంపర్ మీది పాత గీత కూడా ఇందులోనే కలిపేద్దాం." ఇటువంటి సలహాలు ఎంత స్నేహపూర్వకంగా వస్తాయో అనుభవించినవారికి తెలుసు. ఎదుట కనిపించేది ఒక కంపెనీ, ఒక ఫారం. మోసపోయే మనిషి ముఖం కనిపించదు. జరిగింది జరిగినట్లే రాశాను. ఆటో నంబరుతో సహా రాశాను. నష్టం చెల్లించిన కంపెనీకి, కారకుడి నుండి ఆ సొమ్ము రాబట్టుకునే హక్కు సంక్రమిస్తుంది. దాన్ని వాడుకోవడం, మానడం వారి ఇష్టం. పాత గీత ఇప్పటికీ మా బంపర్ మీద భద్రంగానే ఉంది.

అయితే అసలు ఆ 28,400 తీసుకోవచ్చునా? అన్నయ్య ఫోనులో అడిగిన మొదటి ప్రశ్న ఇదే. ప్రశ్న సమంజసమైనదే. 1985 డిసెంబరులో జిద్దాలో సమావేశమైన అంతర్జాతీయ ఇస్లామీ ఫిఖ్‌హ్ అకాడమీ, స్థిర ప్రీమియంతో నడిచే వాణిజ్య బీమాను నిషిద్ధమని, పరస్పర సహకారం మీద నడిచే బీమా దానికి ధర్మసమ్మతమైన ప్రత్యామ్నాయమని తీర్మానించింది. పొరపాటున ప్రాణం తీసినవాడి మీద పడే దియత్ భారాన్ని అతని పితృపక్ష బంధువులంతా కలిసి మోసే ‘ఆఖిలా’ పద్ధతి మన ధర్మశాస్త్రంలో ఉండనే ఉంది. కొన్ని దేశాలలో ‘తకాఫుల్’ సంస్థలు నడుస్తున్నాయి. మన దేశంలో సామాన్య వాహనదారుడికి అటువంటిది అందుబాటులో లేదు. అందుకే చట్టం నిర్బంధించిన బీమాను అనివార్యత కింద చాలామంది ధర్మవేత్తలు అనుమతించారు. సొంత నష్టపు బీమా విషయంలో అభిప్రాయభేదం ఉంది. మా మౌలానా గారిని అడిగితే, "ఇన్నేళ్లుగా నీవు కట్టిన మొత్తం ఎంతో కూడి చూడు, అంతవరకు నిస్సంకోచంగా తీసుకో" అన్నారు. కూడితే, అన్ని ప్రీమియాలూ కలిపి 28,400కు మించే తేలింది. అక్కడితో ఆ చర్చ ముగిసింది.

ముగియనిది ఇంట్లో చర్చ. అమ్మీ మాట ఒకటే: "బేటా, నాకేమీ కాలేదు గదా! పేదవాడు. మిగతాది వదిలెయ్." అల్-బఖరా 280వ ఆయతు ఇబ్బందుల్లో ఉన్న రుణగ్రస్తుడికి గడువు ఇవ్వమంటుంది, వదిలివేస్తే ఇంకా మేలంటుంది. అమ్మీ ఆ ‘ఇంకా మేలు’ వైపు నిలబడింది. నా మనసూ అటే మొగ్గుతోంది.

నా భార్య మాత్రం ఒప్పుకోలేదు. ఆమెది కాఠిన్యమని మొదట నేననుకున్నాను. ఆమె అడిగింది ఇది: "మన పదమూడు వేలూ మాఫీ చేద్దాం, సరే. అతను రేపు కాగితం లేకుండానే మళ్లీ రోడ్డెక్కుతాడు. ఆ బండి కింద పడేవాళ్ల హక్కును మాఫీ చేయడానికి మనమెవరం?"

నేను జవాబు చెప్పలేకపోయాను. హుఖూఖుల్ ఇబాద్, అంటే దాసుల హక్కులు, ఆ దాసులే క్షమిస్తే తప్ప తీరవని మనం పిల్లలకు సైతం బోధిస్తాం. మా కారు తలుపు మా హక్కు. దాన్ని వదులుకుంటే అది ఔదార్యం. రహదారి మీద ఇంకా ఎదురుపడని మనిషి, అతని భార్యాబిడ్డలు, వారికి రావలసిన పరిహారం, ఇవి మావి కావు. ఆ రోజు తలుపు రేకు ఇంకొక జానెడు లోపలికి వచ్చి ఉంటే అమ్మీ దియత్‌కు ఎవరు పూచీ? మరణానికి, గాయాలకు కోర్టు నిర్ణయించే పరిహారం లక్షలలో ఉంటుంది. బీమా లేని ట్రాలీ ఆటో వాడి ఇల్లు వేలం వేసినా అది పూడదు. బాధితులకు దక్కేది తీర్పు కాగితమొక్కటే.

మరుసటి ఆదివారం అతన్ని ఇంటికి పిలిపించాం. అతని వెంట తల్లి కూడా వచ్చింది. మా అమ్మీ, ఆమె వరండాలో కూర్చొని మోకాళ్ల నొప్పుల గురించి మాట్లాడుకున్నారు. లెక్క మొత్తం కాగితం మీద వేసి అతనికి చూపించాను. బోనస్ నష్టం అడగనన్నాను. కంపెనీ ఇచ్చిన 28,400 కూడా నేను అతన్ని అడగరాదు. ఒకే సొట్టకు రెండుచోట్ల డబ్బు తీసుకోవడం చట్టంలోనూ లేదు, ధర్మంలోనూ లేదు. మిగిలింది 13,600. అది నెలకు వెయ్యి చొప్పున ఇవ్వవచ్చు. అయితే ఒక షరతు: మొదటి రూపాయి నాకు కాదు, పాలసీకి. చేతిలో ఐదువేలు పోగయ్యేవరకు నా వాయిదాలు మొదలు కావు. పాలసీ కట్టేదాకా బండి తీయకూడదు.

"మీకివ్వాల్సింది పక్కనపెట్టి, కంపెనీకి కట్టమంటారా సార్?" అన్నాడు అపనమ్మకంగా.

అతని తల్లి అందుకుంది. "కట్టమంటే కట్టరా. ఆ పొద్దు కారులో ఉండింది ఆ పెద్దమ్మే గదా" అంది మా అమ్మీని చూపిస్తూ.

నాలుగో రోజున ఎవరి దగ్గరో బదులు తెచ్చి పాలసీ తీసుకున్నాడు. దాని ఫోటో నాకు పంపాడు. యాప్‌లో నంబరు కొట్టి చూశాను, గడువు ఏడాది ముందుకు జరిగింది. వాయిదాలు రెండు నెలల తరువాత మొదలై, వానాకాలంలో ఒకసారి తప్పి, ఇప్పటికి ఎనిమిది వేలు అందాయి. గత వారం ఫోన్ చేశాడు. పాలసీ గడువు వచ్చే నెల ముగుస్తుందట. ఈ నెలా వచ్చే నెలా వాయిదా ఇవ్వలేననీ, ఆ డబ్బు దానికే కడతాననీ చెప్పాడు. సరేనన్నాను. ఇంకా 5,600 రావాలి. అమ్మీ ఆ సంగతి రోజూ గుర్తు చేస్తూనే ఉంది, వదిలెయ్యమని.