వంద మీటర్లకు పన్నెండు సెకన్లు

పిల్లలూ, మీ వీధిలో పోయే మోటారు సైకిలు ఎంత వేగంతో పోతున్నదో తెలుసుకోవటానికి పోలీసుల దగ్గర ఉండే లేజరు తుపాకీ అక్కరలేదు. ఒక కొలత టేపూ, సెకన్లు చూపే గడియారమూ, మీ బడిలో నేర్పిన భాగహారమూ ఉంటే చాలు. రోడ్డు పక్కన వంద మీటర్లు కొలిచి, రెండు కొసలా సున్నంతో గుర్తు పెట్టండి. ఆ దూరం దాటటానికి బండికి ఎన్ని సెకన్లు పట్టిందో చూసి, 360ని ఆ సంఖ్యతో భాగించండి. వచ్చినదే గంటకు ఎన్ని కిలోమీటర్లో ఆ వేగం. 360 ఎక్కడి నుంచి వచ్చిందని అడుగుతారు గదూ? గంటకు 3600 సెకన్లు. వంద మీటర్లంటే కిలోమీటరులో పదోవంతు. మిగతాది మీరే ఆలోచించుకోండి.

ఈ లెక్క నేను చాలా ఏళ్ళు తరగతి గదిలో నల్లబల్ల మీద చెప్పాను. పదవీ విరమణ చేసిన తరువాత దీన్ని నిజంగా వీధిలో చెయ్యవలసి వచ్చింది.

నేను ఉండేది సికిందరాబాదు శివారులోని అల్వాలులో. ఒకప్పుడు అల్వాలు విడిగా ఉండిన ఊరు. ఇప్పుడు నగరమే అక్కడికి నడిచి వచ్చింది. జూబిలీ బస్ స్టేషను దగ్గరి నుంచి కార్ఖానా, తిరుమలగిరి, లోతుకుంట మీదుగా మా అల్వాలు వచ్చి, శామీరుపేట దాటి, కరీంనగరుకూ రామగుండానికీ పోయే పెద్ద రోడ్డును రాజీవ్ రహదారి అంటారు. ఆ రోడ్డు మీద బస్సులు నిలిచిపోయినప్పుడల్లా తొందరపడేవాళ్ళు పక్క కాలనీల్లోకి తిరుగుతారు. మా వీధి అలాంటి అడ్డదారి. వీధిలో ఒక బడి, ఒక కిరాణా కొట్టు, ఒక వేపచెట్టు ఉన్నాయి. కాలిబాట అనేది మాత్రం లేదు.

కిందటి వానాకాలంలో ఏడో తరగతి చదివే ఒక కుర్రవాడు నోటు పుస్తకం కొనటానికని వీధి దాటుతుండగా మోటారు సైకిలు కొట్టింది. బండి నడిపే యువకుడు ఆఖరు క్షణంలో పక్కకు తిప్పాడు గనుక ప్రాణం దక్కింది. కాలి ఎముక విరిగింది. కొట్టు యజమాని నాతో, "ఎంత స్పీడు వచ్చిండో సార్, కండ్లు మూసి తెరిచేలోపల్నే అయిపోయింది" అన్నాడు. ఆ యువకుడు మాత్రం, "పిల్లవాడు ఒక్కసారిగా అడ్డం వచ్చాడు, నేనేం చెయ్యను?" అన్నాడు. వీధిలో చాలామంది ఆ మాటే పట్టుకున్నారు. పిల్లవాడి తల్లి కూడా, "ఎన్నిసార్లు చెప్పినా అటూ ఇటూ చూడడు సార్" అని కళ్ళు తుడుచుకుంది.

నేను చూడబోతే వాడు కట్టుతో పడుకుని ఉన్నాడు. కొంతసేపు అవీ ఇవీ మాట్లాడిన తరువాత, "సార్, తప్పు నాదేనా?" అని అడిగాడు.

ఉపాధ్యాయుడికి ఇటువంటి ప్రశ్నకు వెంటనే జవాబు చెప్పబుద్ధి పుడుతుంది. కాని ఊరికే ఓదార్పుగా "కాదులే" అంటే వాడు నమ్మడు. నమ్మకపోవటమే న్యాయం కూడా. అందుచేత, "కొలిచి చూద్దాం" అన్నాను.

ఆ ఆదివారం సాయంత్రం మా దగ్గర లెక్కలు చెప్పించుకునే నలుగురు పిల్లలూ, నేనూ టేపు పట్టుకుని బయలుదేరాం. గుర్తులు పెట్టింది నేనూ, పక్కింటాయనా. పిల్లలను మేడ మీదనే కూర్చోబెట్టాను. మీరు కూడా ఈ పని చేస్తే మేడ మీద నుంచి, పెద్దవాళ్ళను పక్కన పెట్టుకునే చెయ్యాలి సుమా! రోడ్డు అంచున నిలబడి కొలవరాదు.

కాలనీ రోడ్ల మీద ఏ బండి అయినా గంటకు 30 కిలోమీటర్లు మించరాదని 2022లో ప్రభుత్వం నిర్ణయించింది. 360ని 30తో భాగిస్తే పన్నెండు. అంటే మా సున్నపు గీతల మధ్య ప్రతి బండికీ కనీసం పన్నెండు సెకన్లు పట్టాలి. పిల్లలు గట్టిగా లెక్కపెట్టటం మొదలుపెట్టారు. కూరగాయల ఆటో ఒకటి పదిహేను లెక్కపెట్టించింది. బడి బస్సు సరిగ్గా పన్నెండుకు దాటింది. పిల్లలు చప్పట్లు కొట్టారు. ఆ తరువాత వచ్చినవి చాలామటుకు పది దాకా కూడా లెక్కపెట్టనివ్వలేదు. కొన్ని మోటారు సైకిళ్ళు ఏడుకే రెండో గీత దాటినవి. ఏడుతో భాగిస్తే 51!

ఇక అసలు లెక్కకు వద్దాం. బండి ఆగటంలో రెండు భాగాలున్నాయి. నడిపేవాడి కంటికి ప్రమాదం కనిపించి, ఆ సంగతి మెదడుకు ఎక్కి, కాలో చెయ్యో బ్రేకు నొక్కటానికి సుమారు ఒక సెకను పడుతుంది. ఆ సెకనులో బండి ఏమాత్రం వేగం తగ్గకుండా పోతూనే ఉంటుంది. బ్రేకు పడిన తరువాత ఇంకా కొంత దూరం జారి ఆగుతుంది. ఈ రెండో దూరం వేగంతో పాటు మామూలుగా పెరగదు. వేగపు వర్గాన్ని బట్టి పెరుగుతుంది. వేగం రెట్టింపు అయితే బ్రేకు దూరం నాలుగు రెట్లు.

రోడ్డు పొడిగా ఉండి, బ్రేకులు మంచివయితే, గంటకు 30 కిలోమీటర్లతో వచ్చే బండి ఆ ఒక్క సెకనులో 8 మీటర్లు పోతుంది. బ్రేకుతో మరి 5. మొత్తం 13 మీటర్లలో ఆగిపోతుంది. 50తో వచ్చేది సెకనులో 14 మీటర్లు పోయి, బ్రేకుతో మరి 14 పోతుంది. మొత్తం 28.

మా వీధిలో వేపచెట్టు రోడ్డు మీదికి వంగి ఉన్నది. చెట్టు దాటితే గాని కొట్టు ముందున్న మనిషి బండివాడికి కనిపించడు. చెట్టు నుంచి కొట్టుకు పిల్లలు కొలిచారు: 15 మీటర్లు.

పదమూడు పదిహేనులో పడుతుంది. ఇరవై ఎనిమిది పట్టదు. 30తో వచ్చిన బండి కుర్రవాడికి రెండు మీటర్ల ఇవతలే ఆగి ఉండేది. నడిపేవాడు వాణ్ణి నాలుగు తిట్లు తిట్టి పోయేవాడు, అంతే. 50తో వచ్చినవాడు బ్రేకు మీద చెయ్యి వేసేసరికే 14 మీటర్లు అయిపోయినవి. దెబ్బ తగిలేటప్పటికి వేగం దాదాపు తగ్గనే లేదు. 50 కిలోమీటర్ల వేగపు దెబ్బంటే పది మీటర్ల ఎత్తు నుంచి, అంటే మూడంతస్తుల మేడ మీది నుంచి, కింద పడటంతో సమానం. 30 అయితే మూడున్నర మీటర్లు, ఒక అంతస్తు ఎత్తు. మా వానాకాలపు తడిరోడ్డుకు బ్రేకు దూరాలు ఇంకా పెరుగుతాయి.

ఆ లెక్కంతా పుస్తకంలో రాసి, పిల్లలు కుర్రవాడి దగ్గరికి తీసుకుపోయారు. వాడు రెండుసార్లు చేసి చూసుకున్నాడు. "అయితే నేను చూడకుండా దాటటం సంగతి?" అన్నాడు. చూడటం నేర్చుకోవాలి, అది నీ పని. పిల్లలు ఒక్కొక్కసారి చూడరని తెలిసి నడపటం బండివాడి పని, అన్నాను. వేగపరిమితి పెట్టింది అందుకే.

వేగపరిమితి కొత్త సంగతి కాదు. ఇంగ్లండులో 1865 నాటి చట్టం ప్రకారం, గుర్రాలు లేకుండా నడిచే బండి ఊళ్ళో గంటకు రెండు మైళ్ళు మించరాదు. పైగా ఒక మనిషి ఎర్రజెండా పట్టుకుని దాని ముందు నడవాలి! వాల్టర్ ఆర్నాల్డ్ అనే ఆయన 1896లో కెంట్ జిల్లాలో ఎనిమిది మైళ్ళ వేగంతో కారు నడిపాడు. పోలీసు జవాను సైకిలు ఎక్కి ఆయన్ని వెంటాడి పట్టుకున్నాడు. ఆర్నాల్డ్ వేగం తీసి ఒక షిల్లింగు జుల్మానా వేశారు. ఎనిమిది మైళ్ళంటే పదమూడు కిలోమీటర్లు. మీరు సైకిలు తొక్కే వేగమే. నవ్వు వస్తుంది గాని, జవాను వెంటపడ్డాడు చూశారా, నాకు అది బాగా నచ్చింది. చట్టం ఎంత పాతదయినా, దాన్ని పట్టించుకునేవాడొకడు సైకిలు మీద వస్తున్నాడన్న మాట.

మన దగ్గర లేజరు తుపాకీలున్నాయి, బండి ఫోటోతో చలాను ఇంటికి వస్తుంది. కాని 2022లో, మళ్ళీ 2023 డిసెంబరులో, కట్టకుండా మిగిలిపోయిన చలాన్ల మీద తగ్గింపు ప్రకటించారు. రెండోసారి ద్విచక్ర వాహనాలవాళ్ళు వందకు ఇరవై కడితే సరిపోయింది. బాకీలు వసూలు కావటానికి అది మంచి ఉపాయమే కావచ్చు. నాకు మాత్రం బడి జ్ఞాపకం వచ్చింది. ఆలస్యంగా వచ్చినవాళ్ళు జుల్మానా కట్టనక్కరలేదు, ఏడాది చివర అయిదోవంతు ఇస్తే చాలునని ప్రధానోపాధ్యాయుడు చెబితే, మొదటి గంట కొట్టే వేళకు బడిలో ఎవరుంటారు? తగ్గింపు దాకా ఆగకుండా అప్పటికే పూర్తిగా కట్టినవాడు ఏమనుకుంటాడు?

కంటోన్మెంటులో సైనికుల ప్రాంతానికి పోతే వింత కనిపిస్తుంది. మా వీధిలో ఏడు సెకన్లకు దాటిన యువకులే అక్కడ బోర్డు చూడగానే బుద్ధిగా నెమ్మదిస్తారు. అక్కడి జుల్మానా పెద్దదని కాదు. మలుపు దగ్గర జవాను ఉంటాడు, ఉన్నవాడు చూస్తాడు, చూసినవాడు ఆపుతాడు అని వాళ్ళకు తెలుసు.

అయితే ప్రతి వీధికీ ఒక జవానును పెట్టలేం. అందుకని రోడ్డునే జవానుగా మార్చే ఉపాయం ఉన్నది. 1927లో భౌతికశాస్త్రంలో నోబెల్ బహుమానం పొందిన ఆర్థర్ కాంప్టన్, 1953లో తన విశ్వవిద్యాలయంలో మోటార్ల వేగం తగ్గించటానికి రోడ్డు మీద ఎత్తులు ఎలా వెయ్యాలో లెక్కకట్టాడు. మా కాలనీ యువకులకు ఆయన లెక్క తెలియదు. ప్రమాదం జరిగిన వారంలోనే రాత్రికి రాత్రి సిమెంటుతో ఒక గోడలాంటిది రోడ్డుకు అడ్డంగా కట్టేశారు. తెల్లవారి పాలబండి దాని మీద ఎగిరింది. అంబులెన్సులో వచ్చిన ఒక ముసలాయన నడుం పట్టుకున్నది. నాలుగో రోజున వాళ్ళే గునపంతో పగలగొట్టారు. భారత రోడ్ల కాంగ్రెసు 1988లో చెప్పిన కొలతలు వేరు: ఎత్తు 10 సెంటీమీటర్లు, కాని వెడల్పు 3.7 మీటర్లు, గుండ్రంగా, ఎద్దు మూపురాన్ని నొక్కి చదును చేసినట్టు. గంటకు 25 కిలోమీటర్లతో వచ్చినవాడికి అది తెలిసీ తెలియనట్టుంటుంది. 50తో వచ్చినవాడికి బాగా తెలుస్తుంది.

మా వీధి సంగతి ఇలా ఉంటే, రాజీవ్ రహదారి సంగతి మరొకటి. పెద్దరోడ్డు మీద ఇలాంటి ఎత్తులు వెయ్యరాదు. మధ్యలో డివైడరున్న రోడ్డు గనుక అక్కడ కార్లకు 60, మిగతా బండ్లకు 50 అని ఆ 2022 నిర్ణయమే చెప్పింది. బడిపిల్లలూ ముసలివాళ్ళూ దాటే చోట 60 చాలా ఎక్కువని నా అభిప్రాయం. 40తో వచ్చే కారు 20 మీటర్లలో పూర్తిగా ఆగుతుంది. దాని పక్కనే 60తో వస్తున్న కారు, అదే క్షణంలో అదే పిల్లవాణ్ణి చూసి బ్రేకు వేస్తే, ఆ 20 మీటర్ల దగ్గర దాని వేగం ఎంత ఉంటుందో చెప్పండి చూద్దాం. నేనడిగిన పెద్దవాళ్ళలో చాలామంది 20 అన్నారు. లెక్క చేస్తే 55 వస్తుంది.

"అంత నెమ్మదిగా పోతే ఆఫీసుకు ఎప్పుడు చేరతాం?" అని ఒక మిత్రుడు అడిగాడు. ఆరు కిలోమీటర్లు 60తో పోతే ఆరు నిమిషాలు, 40తో పోతే తొమ్మిది. ఆ మూడు నిమిషాలను తిరుమలగిరి సిగ్నలు ఎలాగూ మింగుతుంది. 2024 మార్చిలో ఈ రహదారి మీద ఎత్తు వంతెనకు శంకుస్థాపన జరిగింది. అది పూర్తయితే కరీంనగరు పోయేవాళ్ళు పైనుంచి పోతారు. అప్పుడయినా కింది రోడ్డుకు 40 అని రాయటానికి అడ్డేమిటో నాకు తెలియదు. ఫిన్లండు రాజధాని హెల్సింకీలో సగానికి మించిన వీధులకు 30 పరిమితి పెట్టి, కెమేరాలతో కనిపెట్టి, రోడ్లను ఇరుకు చేసి, 2025 జూలైతో ముగిసిన ఏడాదిలో ఊరు మొత్తం మీద రోడ్డు ప్రమాదంలో ఒక్క ప్రాణం కూడా పోకుండా చూసుకున్నారు. మన దేశంలో 2022లో 1,68,491 మంది పోయారు. నూటికి 71 మంది అతివేగం మూలాన పోయినవాళ్ళే.

పిల్లలు తమ లెక్కను శుభ్రంగా తిరగరాసి, వేపచెట్టూ కొట్టూ చూపిస్తూ బొమ్మ గీసి, కింద అందరూ సంతకాలు పెట్టారు. కాలు విరిగిన కుర్రవాడి సంతకం మొదటిది. ఆ కాగితాన్ని సంబంధించిన కార్యాలయంలో ఇచ్చి రసీదు తెచ్చుకున్నాను. చెట్టు కొమ్మలు కొన్ని కొట్టారు; 30 అని రాసిన బోర్డు ఒకటి వచ్చింది. ఎత్తు ఇంకా వెయ్యలేదు. కుర్రవాడు కర్ర లేకుండా నడుస్తున్నాడు. మొన్న ఆదివారం మేడ మీద గడియారం పట్టుకున్నది వాడే. బోర్డు వచ్చిన తరువాత ఏడు సెకన్ల బండ్లు తగ్గినవా అని అడిగాను. "తొమ్మిదికి వచ్చినయి సార్, ఇంకా మూడు కావాలె" అన్నాడు.