నెట్టేది ఎడమ, నింద కుడికి

మాకు పేర్లున్నాయి. షెడ్డులో వాటితో పని పడదు. టైర్లు మార్చేవాడు టైర్‌వాలా, సొట్టలు తీసేవాడు డెంటర్, అందరిలోకీ చిన్నవాడు చోటూ. అందరికన్నా పెద్దాయన మాత్రం ఉస్తాద్. షార్జా ఇండస్ట్రియల్ ఏరియాలో గల్లీ గల్లీకీ షెడ్లే. వాటిలో జగిత్యాల వాళ్ళం ఉన్నాం, నిజామాబాద్ వాళ్ళం ఉన్నాం, హైదరాబాద్ పాతబస్తీ వాళ్ళం ఉన్నాం. మలయాళీలు, పఠాన్లు, బంగ్లాదేశీలు మా పక్క మంచాల మీద పడుకుంటారు. పొద్దున లేచింది మొదలు రాత్రి దాకా మా కళ్ళ ముందు తిరిగేవి చక్రాలే. మా బతుకు గురించి ఎవరైనా అడిగితే చక్రాల దగ్గర్నుంచే చెప్పగలం. ఇంకెక్కడ్నుంచి మొదలుపెట్టాలో మాకు తెలియదు.

మన దేశంలో బండి రోడ్డుకు ఎడమ పక్కన నడుస్తుంది. వాన నీళ్ళు నిలవకుండా రోడ్డు నడుమ ఎత్తుగా, అంచులు వాలుగా వేస్తారు. అందుకే మన దగ్గర స్టీరింగు మీద చెయ్యి వదిలితే బండి మెల్లగా ఎడమకు జారుతుంది. ఎమిరేట్స్‌లో కుడి పక్కన నడపాలి. అక్కడ అదే బండి కుడికి జారుతుంది. బండిలో ఏ లోపమూ లేకున్నా జారుతుంది. దేశం దాటితే వాలు కూడా మారుతుందని మాకు ఏ బడిలోనూ చెప్పలేదు. స్టీరింగు పట్టుకున్న చేతులకే అది తెలిసింది.

మేము చెప్పదలుచుకున్నది ఒక చిన్న బండి సంగతి. మాజ్దా ఎంఎక్స్-5, మొదటి తరంది. 1989లో లోకానికి చూపించిన బండి అది. రెండే సీట్లు, పైన మడిచే గుడ్డ టాపు, బరువు టన్ను దగ్గర. నాలుగు చక్రాలకూ పైన ఒక ఆర్మ్, కింద ఒక ఆర్మ్ ఉంటాయి. నేలకు దగ్గరగా కూర్చుని మలుపులు తిప్పడానికి పుట్టిన బండి. యజమాని ఒక కుర్ర ఇంజనీరు, సెకండ్ హ్యాండ్‌లో కొన్నాడు. వేరే షెడ్డులో ముందు షాకబ్జార్బర్లు రెండూ మార్పించాడు. వారం తిరక్కుండా మా దగ్గర కొత్త టైర్లు వేయించాడు. టైర్లు వేసింది మా చోటూ. రెండు నెలలకు ఆ ఇంజనీరు కోపంతో తిరిగొచ్చాడు. హైవే మీద బండి కుడికి లాగుతోంది. ఎడమ ముందు టైరు లోపలి అంచు నున్నగా గుండయిపోయింది.

మా ఫోర్‌మన్ బండి కిందికి వంగి చూడలేదు. ఆ టైర్లు వేసినవాడెవడని అడిగాడు. "కుడికి లాగుతోందంటే కుడి చక్రం సరిగ్గా బిగించలేదు" అన్నాడు. రెండు టైర్ల ఖరీదు చోటూ జీతంలోంచి కోస్తానని కాగితం మీద రాసుకున్నాడు. చోటూ ఆ నెల ఇంటికి పంపాల్సిన డబ్బు అది. జగిత్యాలలో వాళ్ళ అమ్మ ఆ డబ్బు కోసం చూస్తుంటుంది.

"నేను నట్లు బిగించిన, టైర్లు వేసిన, గాలి పెట్టిన. ఇంకేం ముట్టలే భాయ్" అన్నాడు చోటూ. ఇరవై ఏళ్ళు కూడా లేవు వాడికి.

ఫోర్‌మన్ మాట వినడానికి సబబుగానే ఉంటుంది. ఎటు లాగుతుంటే తప్పు అటే ఉందని ఎవరైనా అనుకుంటారు. ఈ అనుకోవడంలోనే మోసం ఉంది.

ముందు నిలబడి బండిని చూడండి. చక్రం తల లోపలికి వాలితే మైనస్ క్యాంబర్, బయటికి వాలితే ప్లస్ క్యాంబర్. చిన్నప్పుడు ఊళ్ళో పాత సైకిల్ టైరును పుల్లతో కొట్టుకుంటూ పరుగెత్తిన వాళ్ళకు ఈ విద్య కొత్తగా చెప్పనక్కర్లేదు. టైరు ఎటు వాలితే అటే తిరుగుతుంది. కారు చక్రం కూడా అంతే. ఎడమ చక్రం తల లోపలికి వాలితే అది బండిని కుడికి నెడుతుంది. కుడి చక్రం తల లోపలికి వాలితే ఎడమకు నెడుతుంది. రెండూ సమానంగా వాలితే ఆ నెట్టుళ్ళు ఒకదానికొకటి చెల్లు. బండి నిటారుగా పోతుంది. స్పోర్ట్స్ కార్లలో చక్రాలను కావాలనే కొంచెం లోపలికి వంచుతారు. మలుపులో బండి పక్కకు ఒరిగినప్పుడు బయటి టైరు నేలకు పూర్తిగా ఆనాలని అలా చేస్తారు. వంపు ఉండటం తప్పు కాదు. ఒక పక్క ఎక్కువ, ఒక పక్క తక్కువ ఉండటం తప్పు.

ఎడమ చక్రం ఎక్కువ వాలితే ఏమవుతుంది? బండి కుడికి పోతుంది. నెట్టేది ఎడమ చక్రం. నింద మోసేది కుడి చక్రం. కుడిది తన పని తాను చేస్తూ ఉంటుంది. ఎదుటిదాని బలానికి చాలక నేరస్థురాలిలా కనిపిస్తుంది. అరిగిన టైరు ఎడమదని అందరూ చూశారు. చూసి కూడా కుడి చక్రాన్నే పట్టుకున్నారు.

మా ఉస్తాద్‌ది పాతబస్తీ. మాట తక్కువ మనిషి. బండి దగ్గరికి వచ్చి ఒక్క మాట అన్నాడు: "పహలే జమీన్ దేఖో." ముందు నేల చూడమన్నాడు.

హబ్బుకు అయస్కాంతంతో అంటుకునే క్యాంబర్ గేజి మా దగ్గరుంది. అందులో బుడగ ఉంటుంది, తాపీమేస్త్రీ రసమట్టంలో ఉన్నట్టే. బుడగకు తెలిసింది భూమి ఆకర్షణ ఒక్కటే. బండి నిలబడ్డ నేల వంకరగా ఉంటే చక్రమే వంకరని అది చెబుతుంది. పారదర్శకంగా ఉండే సన్నని పైపులో నీళ్ళు నింపి, రెండు ముందు చక్రాల కింద నేల ఎత్తులు పోల్చాం. మా షెడ్డు నేల కుడి వైపు 12 మిల్లీమీటర్లు పల్లంగా ఉంది. ఆ బండికి రెండు ముందు చక్రాల మధ్య దూరం సుమారు 1400 మిల్లీమీటర్లు. లెక్క వేస్తే అర డిగ్రీ వాలు. ఆ వాలు మీద ఎడమ చక్రం అర డిగ్రీ లోపలికి, కుడి చక్రం అర డిగ్రీ బయటికి వంగినట్టు కనిపిస్తాయి. అంటే రెండు చక్రాలూ నిక్కచ్చిగా ఉన్నా ఒక డిగ్రీ తేడా ఉన్నట్టు గేజి ఒట్టేసి చెబుతుంది. అబద్ధం చెప్పింది గేజి కాదు, దాని కింది నేల.

ఎన్నేళ్ళుగా ఎన్ని బండ్లను ఆ నేల మీద నిలబెట్టి వంకరవని తేల్చారో! నేలను ఎవరు కొలిచారు? కొలిచే స్థలాన్ని కొలవాలని ఎవరికీ తోచదు. కొలత పెట్టేవాడికి తన కాళ్ళ కింద అంతా చదునుగానే ఉంటుంది.

కుడి చక్రం కింద ఫ్లోరింగ్ టైల్సు పేర్చి ఎత్తు సరిచేశాం. వెనక చక్రాల కింద కూడా నీళ్ళ పైపు పెట్టి చూశాం. చల్లటి టైర్లలో నాలుగింటికీ 26 పౌండ్ల గాలి పెట్టాం. ఇంత తేలిక బండికి మనిషి బరువు కూడా లెక్కే. అందుకని డ్రైవరు సీట్లో అంత బరువు ఇసుక సంచులు వేశాం. స్టీరింగును నిటారుగా కట్టేశాం. బండిని ముందుకీ వెనక్కీ దొర్లించి, బానెట్టు మీద నొక్కి వదిలి కుదురుకోనిచ్చాం. వాలు నేల మీద గేజి ఎడమ మైనస్ 2.0, కుడి ప్లస్ 0.2 చూపించింది. చదును చేశాక ఎడమ మైనస్ 1.5, కుడి మైనస్ 0.3. తేడా 2.2 నుంచి 1.2కు దిగింది. మిగిలిన ఆ 1.2 డిగ్రీలే బండిలో ఉన్న నిజమైన రోగం.

రోగం ఉందని తేలింది. ఎక్కడుందో తేలాలి. ముందు టైర్లు రెండూ అటూ ఇటూ మార్చి నడిపాం. లాగుడు టైరుతో పాటు దిక్కు మారితే దోషం టైరుదే. మారలేదు. చక్రాలు ఎత్తి చేత్తో తిప్పాం, బ్రేకు ఎక్కడా పట్టడం లేదు. చక్రం నడిబొడ్డు నుంచి మడ్‌గార్డు అంచు దాకా ఎత్తు రెండు పక్కలా ఒకటే, కాబట్టి స్ప్రింగు కుంగలేదు. చక్రాన్ని పైనా కిందా పట్టి ఊపాం, బాల్ జాయింట్లు వదులుగా లేవు. తర్వాత ఆ చక్రం ఏ ఇరుసు మీద ఎడమకూ కుడికీ తిరుగుతుందో దాని వాలును కొలిచాం. ఆ వాలునూ క్యాంబర్‌నూ కలిపి చూస్తే రెండు పక్కలా మొత్తం ఒకటే వచ్చింది. ఒక పక్క నకల్ వంగి ఉంటే ఆ మొత్తం తేడా వస్తుంది. రాలేదు. చక్రాన్ని మోసే ఎముక విరగలేదు, అది ఉండాల్సిన చోటు నుంచి జరిగింది.

అప్పుడు కింద పడుకున్నాం. ఈ బండికి కింది ఆర్మ్ లోపలి కొసన రెండు క్యామ్ బోల్టులుంటాయి. ముందొకటి, వెనకొకటి. బోల్టుకు అంటిన బిళ్ళ నడుమ కాకుండా పక్కకు తొలిచి ఉంటుంది. తిప్పితే ఆర్మ్ లోపలికో బయటికో జరుగుతుంది. క్యాంబర్ మార్చేది వీటితోనే. కుడి బిళ్ళల మీద ఏళ్ళనాటి మట్టి, గ్రీజు అట్టకట్టి చెక్కుచెదరకుండా ఉన్నాయి. ఎడమ బిళ్ళల పక్కన నెలవంకలాగా శుభ్రమైన ఇనుము కనిపించింది. బిళ్ళ ఇదివరకు అక్కడుండేదని, ఈమధ్యే తిరిగిందని ఆ మచ్చ చెబుతోంది. నట్టు మీద పానా పట్టిన కొత్త గీతలున్నాయి. కొంచెం పైన, పై ఆర్మ్ బోల్టు తల మూలలు అరిగిపోయి ఉంది.

కథ అర్థమైంది. షాకబ్జార్బరు మార్చినవాళ్ళు పై బోల్టు విప్పబోయారు. పానా జారింది. అది రాక కింది క్యామ్ బోల్టులు విప్పి ఆర్మ్‌ను దించారు. విప్పేముందు బిళ్ళ ఎక్కడుందో సున్నంతోనో పెయింటుతోనో ఒక్క గీత పెట్టుకుంటే చాలు. పెట్టుకోలేదు. ఎక్కడ కుదిరితే అక్కడ బిగించి పంపేశారు. చోటూ పానా ఆ బోల్టుల దరిదాపులకు పోలేదు. టైరు వేసేవాడికి అక్కడ పనే లేదు.

సరిచేయడం కష్టం కాదు, వరస తప్పకూడదు, అంతే. ముందు చక్రాల కింద గ్రీజు పూసిన రేకులు రెండేసి పెట్టాం, ఆర్మ్ జరిగితే చక్రం కూడా జారాలని. పాత గుర్తు, కొత్త గుర్తు రెండింటికీ గీతలు పెట్టాం. బరువు చక్రాల మీద ఉండగానే నట్లు వదులు చేశాం. రెండు క్యాములూ ఒకే దిక్కు జరిపితే క్యాంబర్ మారుతుంది. ఎదురెదురుగా జరిపితే కాస్టర్ మారుతుంది. ముందు కాస్టర్, తర్వాత క్యాంబర్, చివర టో. క్యాంబర్ కదిలితే టో తప్పుతుంది కాబట్టి టో ఎప్పుడూ చివరే. చాలాచోట్ల టో ఒక్కటి సరిచేసి కాగితం చేతిలో పెడతారు. దానితో స్టీరింగు నిటారుగా నిలుస్తుంది కానీ లాగుడు పోదు. నట్లు బిగించడం కూడా చక్రాలు నేల మీద ఉండగానే చేశాం. గాలిలో వేలాడుతుండగా బిగిస్తే బుష్‌లోని రబ్బరు మెలిపడి తొందరగా చినిగిపోతుంది.

ఎడమ మైనస్ 0.7, కుడి మైనస్ 0.9 దగ్గర ఆపాం. ఆ 0.2 తేడా కావాలని ఉంచిందే. అక్కడి రోడ్డు కుడికి వాలి ఉంటుంది, ఆ మేరకు కుడి చక్రం ఎడమకు నెట్టాలి. ఇదే బండిని హైదరాబాద్‌లో నడపాలంటే లెక్క తిరగేయాలి. తిన్నని రోడ్డు మీద పోతూ ఒకసారి, వస్తూ ఒకసారి, చేతులు స్టీరింగుకు ఆనీ ఆననట్టు పెట్టి నడిపాం. ఒక దిక్కే నడిపితే గాలి వాటం మోసం చేస్తుంది. బండి గీత గీసినట్టు పోయింది.

ఉస్తాద్ ఫోర్‌మన్‌ను పిలిచి బండి కింద పడుకోబెట్టాడు. టార్చి పట్టుకుని నెలవంక మచ్చ చూపించాడు. వాదన ఏమీ చేయలేదు. కోసిన డబ్బు మరుసటి నెల జీతంలో కలిసింది. తప్పయిందన్న మాట మాత్రం ఎవరి నోటా రాలేదు. రాకపోయినా షెడ్డులో ఒకటి మారింది. టైల్సు పెట్టాల్సిన చోట్ల చోటూ పసుపు పెయింటుతో నేల మీద చతురస్రాలు గీశాడు. పక్కన పల్లం ఎన్ని మిల్లీమీటర్లో అంకె కూడా వేశాడు. దాని మీద రోజూ దుమ్ము పడుతుంది, రోజూ వాడే తుడుస్తాడు.

ఈ పని పుస్తకాలతో వచ్చింది కాదని మమ్మల్ని చదువు లేనివాళ్ళంటారు. ఆ మాటకు మేము జవాబు వెతుక్కోం. కుడికి లాగుతోందని ఎవరైనా బండి తెస్తే మేము ముందు ఎడమ చక్రం దగ్గర కూర్చుంటాం. అంతకన్నా ముందు నేల చూస్తాం.