ఏడు రోజుల సైకిలు

మా అమ్మమ్మగారి వూరు నందివాడ. గుడివాడ స్టేషన్లో దిగి ఆటో యెక్కితే, మధ్యలో టీ తాగడానికి ఆగినా గంటలోపల చేరిపోవచ్చు. నా చిన్నతనంలో ఆ దారికి రెండువైపులా వరిచేలు వుండేవి. ఇప్పుడు రెండువైపులా నీళ్ళు. ఒక చెరువు, ఒక గట్టు, గట్టుమీద కొబ్బరిచెట్లు, అవతల ఇంకో చెరువు. కొల్లేరు దగ్గరపడేకొద్దీ భూమి యెక్కడ వుందా అని వెతుక్కోవాలి. బొచ్చె, శీలావతి పెంచే చెరువులివి. అక్కినేని నాగేశ్వరరావుగారు పుట్టిన రామాపురం ఈ చుట్టుపక్కలదే. ఆ సంగతి ఆటో అబ్బాయి నాకు చెప్పకుండా వూరుకోలేదు.

మామయ్యకు కంటి ఆపరేషన్ అయింది, చూసి రమ్మని అమ్మ పంపితే కిందటి మార్గశిరంలో వెళ్ళాను. పొగమంచు ఇంకా విడలేదు. గట్టుమీద ఒక కుర్రవాడు క్యారియరు మీద తవుడు బస్తా వేసుకుని సైకిలు తొక్కుకుంటూ పోతున్నాడు. ఆ తవుణ్ణి చిల్లులు పొడిచిన సంచుల్లో పోసి, వెదురు గడలకు కట్టి నీళ్ళలోకి వేలాడదీస్తారు. చేపలు ఆ చిల్లుల దగ్గర మూగి పొడుచుకు తింటాయి. నా కళ్ళు మాత్రం సంచి మీద లేవు, సైకిలు మీదే వున్నాయి. నందివాడలో సైకిలు కనపడితే నాకు ఒకాయన గుర్తుకు వస్తాడు. ఆయన పేరు కూడా నాకు తెలియదు.

1992 ఎండాకాలం. నాకు పదేళ్ళు. సెలవులకు అమ్మమ్మగారింట్లో వున్నాను. రావిచెట్టు ముందరి ఖాళీస్థలంలో నడుమ ఒక గడ పాతి, చుట్టూ సున్నంతో పెద్ద గుండ్రపు గీత గీశారు. యేడు పగళ్ళు, యేడు రాత్రులు సైకిలు దిగకుండా తొక్కుతానని ఒకాయన వచ్చాడు. వెంట ఒక తమ్ముడు, ఒక మైకువాడు. కాలు నేలకు తగలగూడదు, అంతే నియమం. ఇప్పటి పిల్లలకు ఈ వేడుక తెలియకపోవచ్చు గాని, ఆ రోజుల్లో మన పల్లెల్లో ఇది మామూలే. స్నానం సైకిలు మీదే, రెండు కుండల నీళ్ళు యెవరో నెత్తిమీద కుమ్మరిస్తారు. మంగలి పక్కనే నడుస్తూ గడ్డం గీస్తాడు. నేలమీద పెట్టిన రూపాయి బిళ్ళను వంగి పళ్ళతో తీస్తాడు. సాయంత్రం జనం చేరాక ట్యూబులైటు ఛాతీ మీద పగలగొట్టించుకుంటాడు. మెచ్చినవాళ్ళు చొక్కాకు పిన్నీసుతో నోటు గుచ్చుతారు, మైకులో వాళ్ళ పేరు వినపడుతుంది. ఫలానావారి మనవడు అయిదు రూపాయలు చదివించాడని నా పేరూ మోగింది. ఆ రాత్రి నాకు నిద్రపట్టలేదు.

ఆయనకు మంచినీళ్ళు అందించే పని మా పిల్లలది. గ్లాసు పట్టుకుని చక్రం పక్కనే పరుగెత్తాలి. వొలికితే తమ్ముడు కోప్పడేవాడు. ఆ ఉద్యోగం కోసం మాలో మేం కొట్టుకున్నాం.

అయిదో రాత్రి పంచాయతీ ఆఫీసు అరుగుమీద కమిటీ పెద్దలు నలుగురు గుమిగూడి వున్నారు. ఒకాయన కాగితం మీద తెల్లటి బిళ్ళలు పెట్టి చెంచా వెనకవైపుతో నూరుతున్నాడు. యేమిటని అడిగితే, "నిమ్మ ఉప్పురా, ఎండదెబ్బకి" అన్నాడు. దాన్ని మజ్జిగలో కలిపి గ్లాసు నా చేతికిచ్చారు. నేను పరుగెత్తాను. ఆయన ఒక చేత్తో గ్లాసు పుచ్చుకుని గటగటా తాగి, ఆ చెయ్యి నా తలమీద ఒకసారి వేసి, ముందుకు పోయాడు.

నిమ్మ ఉప్పు అన్న మాట నేను సగమే నమ్మాను. ఆ మిగిలిన సగం యెవరికీ చెప్పలేదు.

చాలా యేళ్ళ తర్వాత, కాలేజీ లైబ్రరీలో వేరే పుస్తకం కోసం వెతుకుతూ వుంటే సైకిలు పందాల చరిత్ర చేతికి తగిలింది. తెరవగానే మా రావిచెట్టు కనిపించినట్టయింది. 1878లో లండనులో డేవిడ్ స్టాంటన్ అనే ఆయన ఆరు రోజుల్లో వెయ్యి మైళ్ళు తొక్కుతానని పందెం కాసి గెలిచాడట. ఆ వేడుక సముద్రం దాటి న్యూయార్కు చేరింది. 1890లలో అక్కడి మేడిసన్ స్క్వేర్ గార్డెన్లో ఆరు రోజులు, రాత్రింబగళ్ళు, ఒక్కొక్కడూ ఒంటరిగా తొక్కేవాడు. టిక్కెట్టు కొని జనం చూసేవారు. నిద్రలేక వాళ్ళకు లేనివి కనపడేవి. 1896లో మేజర్ టేలర్ అనే నల్లజాతి యువకుడు, కత్తి పట్టుకుని యెవడో తనను తరుముతున్నాడని చెప్పాడని ఆనాటి ముచ్చట. వాళ్ళను మెలకువగా వుంచడానికి పక్కనున్న సహాయకులు కొకెయిను, స్ట్రిక్నిను ఇచ్చేవారు. స్ట్రిక్నిను అంటే మన ముష్టిగింజల విషం. చివరకు చట్టం కలగజేసుకుని, ఒక మనిషి రోజుకు పన్నెండు గంటలు మించి తొక్కరాదన్నది. ఆటగాళ్ళకు విశ్రాంతి దొరికింది గాని, నిర్వాహకులకు ఆట ఆగలేదు. 1899లో యిద్దరేసి చొప్పున జతలు కట్టి, ఒకడు దిగితే ఒకడు యెక్కేటట్టు పెట్టారు. ఆ జతల పందానికి యీనాటికీ 'మేడిసన్' అనే పేరు. అది ఒలింపిక్సులో కూడా వుంది.

ఇక ఫ్రాన్సు చుట్టూ తిరిగే పెద్ద పందెం, టూర్ ద ఫ్రాన్స్, 1903లో ఒక పత్రిక అమ్మకాలు పెంచుకోవడానికి మొదలుపెట్టింది. రోజుకో మజిలీ, రేపు యేమవుతుందో అన్న ఆత్రం. మన వారపత్రికలకు సీరియల్ యెలాగో వాళ్ళకు అది అలాగ. 1924లోనే పెలిసియే సోదరులు మధ్యలో మానుకుని, ఆల్బేర్ లోండ్ర్ అనే విలేఖరి ముందు తమ సంచి విప్పి, కళ్ళకు కొకెయిను, చిగుళ్ళకు క్లోరోఫారం, రకరకాల బిళ్ళలు బల్లమీద పరిచారు. అంటే రహస్యం మొదటినుంచీ రహస్యం కాదన్నమాట.

నందివాడనుంచి ఫ్రాన్సుకు యెందుకు పోయాడీయన అని పాఠకులు విసుక్కోవచ్చు. కాని ఆ జట్ల పద్ధతి చదివిన తర్వాతే మా వూరి కమిటీ నాకు అర్థమయింది. కొల్లేటి మీద గూడబాతులు బారు తీరి పోవడం చూసే వుంటారు. ముందు పక్షి గాలిని చీల్చుకుంటూ పోతే వెనకవాటికి శ్రమ తగ్గుతుంది. సైకిలు పందెంలో ఇదే సూత్రం. జట్టులో ఒక నాయకుడు, మిగతావారు ఆయనకు గాలి తగలకుండా ముందు తొక్కేవారు. వాళ్ళను ఫ్రెంచిలో 'దొమెస్తిక్' అంటారు, ఇంటి పనివాడని అర్థం. నాయకుడికి నీళ్ళు తేవాలి, ఆయన చక్రం పాడైతే తన చక్రం విప్పి ఇవ్వాలి. నాకు పల్లకీ బోయీలు గుర్తుకు వచ్చారు. ఒక తేడా వుంది. పల్లకీలో కూర్చున్నాయన కాళ్ళు ఆడించనక్కరలేదు.

జట్టులో అందరూ మందు వేసుకుంటూ వుంటే వేసుకోనివాడు వెనకబడతాడు, వెనకబడితే జీతం పోతుంది. ఎరిత్రోపోయెటిన్ అని ఒక మందుంది. మూత్రపిండాలు చెడిపోయి డయాలిసిస్ చేయించుకునేవారికి రక్తం పట్టడానికి ఇచ్చే ఇంజక్షను. దాన్ని ఆరోగ్యవంతులు పొడిపించుకుంటే రక్తంలో యెర్రకణాలు పెరిగి వూపిరి తెచ్చే ప్రాణవాయువు యెక్కువ అందుతుంది. రక్తం చిక్కబడి గుండె ఆగే ప్రమాదమూ వుంది. 1998 జులైలో ఫెస్టినా జట్టు సహాయకుడు విల్లీ వోట్ కారును సరిహద్దులో ఆపితే, వందల సంఖ్యలో మందు సీసాలు బయటపడ్డాయి. తొక్కేవాళ్ళ బహుమతి డబ్బులోనుంచే ఆ మందుల ఖర్చు మినహాయించుకునేవారట. మా చదివింపుల పుస్తకం లాంటిదేదో వాళ్ళకూ వుండి వుంటుంది.

ఆ జట్టులోనే క్రిస్టోఫ్ బస్సోన్ అనే కుర్రవాడు మందు ముట్టనివాడని తోటివాళ్ళే పోలీసులకు చెప్పారు. మరుసటి యేడు ఆయన పత్రికలో ఉన్నదున్నట్టు రాయడం మొదలుపెట్టాడు. గుంపులో యెవరూ పలకడం మానేశారు. ఆ యేటి నాయకుడు లాన్స్ ఆర్మ్‌స్ట్రాంగ్, తొక్కుతూనే పక్కకు వచ్చి, నీ మాటలు ఆటకు చేటు, వెళ్ళిపో అన్నాడు. కొద్దిరోజులకే బస్సోన్ పందెం వదిలి ఇంటికి పోయాడు. ఆర్మ్‌స్ట్రాంగ్ యేడుసార్లు గెలిచాడు. 2012లో అమెరికా మందుల నిరోధక సంస్థ ముందు ఆయన పాత జట్టువాళ్ళు పదకొండుగురు సాక్ష్యం చెప్పారు, యేడు గెలుపులూ కొట్టేశారు. ఆ యేడు సంవత్సరాలకూ ఇప్పటికీ విజేత పేరు లేదు, ఖాళీ. పదకొండుగురూ అన్నేళ్ళు యెలా వూరుకున్నారని నా విద్యార్థి ఒకడు అడిగాడు. ఇటలీవాళ్ళు దాన్ని 'ఓమెర్తా' అంటారురా అని చెప్పాను. మన భాషలో కట్టుబాటు.

అన్నిటికంటే నన్ను పట్టుకున్నది టామ్ సింప్సన్ సంగతి. 1967 జులై 13, మోఁ వాఁతూ అనే బోడికొండ, మండుటెండ. ఇంగ్లండువాడు, ఇరవై తొమ్మిదేళ్ళవాడు. కొండమీద తూలి పడిపోయాడు. జనం లేవదీసి మళ్ళీ సైకిలు యెక్కించారు. కొంతదూరం పోయి మళ్ళీ పడ్డాడు, ఇక లేవలేదు. జేబులో మందుబిళ్ళల గొట్టాలు దొరికాయి. బిళ్ళలు వేసుకున్నది ఆయనే, నిజమే. ఆ యెక్కించిన చేతులు మాత్రం మంచి మనసుతోనే యెక్కించి వుంటాయి. మా వూళ్ళోనూ అంతే గదా అనుకునేవాణ్ణి.

మామయ్య కంటికి నల్లద్దాలు పెట్టుకుని వసారాలో పడక్కుర్చీలో వున్నాడు. గోడమీద నడుము యెత్తున ఒక మరక. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పటి నీటి గుర్తు. కళ్ళ సంగతి, అమ్మ సంగతి, చేపల రేటు, అన్నీ అయిన తర్వాత అడిగాను.

"మామయ్యా, ఆ సైకిలాయన గుర్తున్నాడా?"

"యెందుకు గుర్తులేడు? చదివింపుల పుస్తకం రాసింది నేనే గదరా."

"అయిదో రాత్రి మజ్జిగలో యేం కలిపారు?"

మామయ్య నల్లద్దాలు నావైపు తిప్పాడు. "నీకెవరు చెప్పారు?"

"గ్లాసు పట్టుకెళ్ళింది నేనే."

చాలాసేపు మాట్లాడలేదు. అత్తయ్య కాఫీ తెచ్చి పెట్టి వెళ్ళింది.

"దిగిపోతానన్నాడురా. హేండిలు వదిలి రెండు చేతులూ జోడించాడు. మేమే దిగనివ్వలేదు. పక్క వూరివాళ్ళు ఆరు రోజులు తొక్కించారు, మన వూళ్ళో అయిదుకే ఆగితే పరువేముంటుంది? ఆఖరిరోజుకి గుడివాడనుంచి పెద్దమనుషుల్ని పిలిచాం. చందాలు వసూలైపోయాయి. లారీ డ్రైవర్లు నిద్రపట్టకుండా వేసుకునే బిళ్ళలు మాలోనే ఒకడు తెచ్చాడు. యెవడని అడక్కు."

నేను అడగలేదు.

"ఆయనకు తెలుసా మామయ్యా?"

"చెబితే వద్దంటాడని మజ్జిగలో కలిపాం."

ఆ ఆరో రాత్రి నాకు బాగా గుర్తుంది. ఆయన యెన్నడూ లేనంత జోరుగా తొక్కాడు. మాలో మాకు ఈలలు, కేకలు. యేడో రోజు మధ్యాహ్నం పంచాయతీ ఆఫీసు గోడవైపు చూస్తూ, తిరిగిన ప్రతిసారీ, "అమ్మా, తలుపు తియ్యి" అని పిలిచేవాడు. మైకువాడు దాన్ని కూడా వేళాకోళంగా మైకులో చెప్పాడు. అందరం నవ్వాం. పదేళ్ళవాణ్ణి, నేను కూడా నవ్వాను. సాయంత్రం నోట్ల దండ వేసి, ఇద్దరు మనుషులు యెత్తి దించి మంచంమీద పడుకోబెట్టారు. కాళ్ళు మంచంమీద కూడా తొక్కుతూనే వున్నాయి. మూడోనాడు సైకిలు బస్సుమీద వేసుకుని తమ్ముడితో వెళ్ళిపోయాడు.

"తర్వాత యేమయ్యాడు?"

"మర్నాడు యేటికి మళ్ళీ పిలిపిద్దామని కబురు పెట్టాం. రాలేదు." మామయ్య కాఫీ గ్లాసు తడుముకుని అందుకున్నాడు. "అంతకంటే నాకు తెలియదు."

"ఆ పుస్తకం వుందా?"

"బుడమేట్లో పోయింది. వున్నా నీకేం కనపడదులే. ఖర్చుల్లో 'నిమ్మకాయలు' అని రాశాను."

మధ్యాహ్నం భోజనం చేసి బయలుదేరాను. రావిచెట్టు వుంది. దాని ముందరి ఖాళీస్థలంలో ఇప్పుడు సిమెంటు రోడ్డు, రోడ్డు పక్కన చేపల మేత బస్తాలు దింపే లారీ ఒకటి. పొద్దున చూసిన కుర్రవాడే కాబోలు, ఇంకో తవుడు బస్తా వేసుకుని యెదురుగా వస్తున్నాడు. మా ఆటోకు దారి ఇవ్వడానికి సైకిలు పక్కకు తీసి, కాలు నేలమీద ఆనించి నిలబడ్డాడు.