తెనాలిలో ఎడారి

2023 మే 31వ తేదీన రేపల్లెనుండి మేమును, బాపట్లనుండి మా అత్తగారును రైలెక్కి తెనాలిలో కలిసికొంటిమి. బడికి వేసవి సెలవులు గనుక మావారును వెంట వచ్చిరి. కె. యస్. ఆర్. దాసుగారి దర్శకత్వమున 1971లో వెలువడిన "మోసగాళ్లకు మోసగాడు" నాఁడు మరలఁ బ్రదర్శింపఁబడుచుండెను. కథానాయకుఁడు కృష్ణగారు తెనాలి చెంతనున్న బుర్రిపాలెమువారు. 2022లో ఆయన గతించిన పిదప వచ్చిన తొలి జన్మదినమది.

"పోట్లాటల చిత్రము ఆఁడువారికేల?" యని 1971లో అత్తగారిని ఇంటనే యుంచిరఁట! ఇప్పుడామె కన్నులు మసకబాఱుచున్నవి. ఇంకను జాగుచేసిన చూడలేరేమో యని మా దిగులు.

గుఱ్ఱములు, తుపాకులు, దాఁచిన నిధికై దొంగల పరుగులు! నక్కజిత్తుల నాగన్నగా నాగభూషణముగారి మాటలకు నవ్వనివారు లేరు. పాశ్చాత్యుల కౌబాయి కథల వరుసను ఆరుద్రగారు తెలుగునకుఁ దెచ్చిరి. మూఁడు కాలువల తెనాలిలోఁ గూర్చుండి రాజస్థానపుటెడారిని గాంచితిమి.

"దొంగను మెచ్చవచ్చునా అమ్మా?" యని మా చిన్నవాఁడడిగెను. దశకుమారచరిత్రమునందలి అపహారవర్మ లోభుల యిండ్లు దోచిన కథ చెప్పితిమి. కాని కథలో దొంగను మెచ్చుట వేఱు, ఇంట బెల్లము దొంగిలుట వేఱనియు హెచ్చరించితిమి.

మరలునపుడు అత్తగారు, "అమ్మాయీ, సూర్యలంకలో నీళ్ల ప్రక్క ఇసుకే చూచితిని. నీళ్లు లేని యిసుక ఇన్నాళ్లకుఁ జూచితినే!" యనిరి. ఏఁబదిరెండేండ్ల కోరిక! మీ యింటి పెద్దలనుగూడ ఒకమాఱు అడిగి చూడుఁడు.