గోడల్లేని ఇంట్లో కాపురం

బాలిలో, ఉబుద్ దగ్గర మేం అద్దెకు తీసుకున్న ఇంట్లో పడగ్గదికి తప్ప గోడల్లేవు. హాలూ వంటిల్లూ గడ్డి కప్పు కింద, స్తంభాల మధ్యే. ఫొటోల్లో అదిరిపోతుంది, నిజమే. నవంబర్లో వానలు పట్టుకున్నాక అసలు సంగతి తెలిసింది. ఉప్పు గడ్డకట్టింది. తోలు బెల్టుకి బూజు. అప్పడాలు వేయించి, పప్పు పోపు పెట్టేలోపు మెత్తబడిపోతున్నాయి. కందిపొడి దగ్గర్నుంచి పంచదార దాకా అన్నీ బిగుతు మూతల డబ్బాల్లోకి చేరాయి. పాస్‌పోర్టులకీ సర్టిఫికెట్లకీ మాత్రం ఏసీ గది. మాకన్నా వాటి బతుకే హాయి!

కప్పు బాగా వాలుగా, చూరు ముందుకి దిగి ఉంటుంది కాబట్టి మామూలు వాన లోపలికి రాదు. గాలి తిరిగిందా, దిండ్లు ఎత్తుకుని పరుగే. అయినా కరెంటు పోయినా ఉక్కపోయదు. ఆ ఒక్కదానికే అద్దె గిట్టుబాటు.

వాసాల్లో ఓ టోకే బల్లి కాపురముంటోంది. జానెడుకి పైనే పొడవు, ఒళ్లంతా నారింజ చుక్కలు. అర్ధరాత్రి "టొక్కే, టొక్కే" అని ఇల్లెగిరిపోయేలా అరుస్తుంది. వరసగా ఏడుసార్లు అరిస్తే అదృష్టమంటారు ఇక్కడ. బల్లిశాస్త్రం కంఠతా వచ్చిన మా అత్తయ్యకి ఫోన్లో చెప్పాను.

"అరుపులు తర్వాత లెక్కపెడుదువుగానీ, ముందు అది నెత్తిన పడకుండా చూసుకో" అంది.