పావగడ నుంచి క్రిస్మస్ తాత దగ్గరికి

పావగడ తాలూకా పేరుకు కర్ణాటకదే, తుమకూరు జిల్లాదే. మూడు దిక్కులా మాత్రం ఆంధ్ర. అందుకే బస్టాండులో బోర్డులు కన్నడమైనా, బస్సుకు కాచుకున్నోళ్ళ మాట తెలుగు. వాన తక్కువ సీమ ఇది. చెనక్కాయ పంట చెయ్యిచ్చిన ఏడు ఎంతోమంది బెంగళూరుకో హిందూపురానికో మిల్లు పనికి, గార్మెంట్సు పనికి పోతారు. తిరుమణి చుట్టుపక్కల అయిదు ఊళ్ళలో సుమారు 13,000 ఎకరాల మీద ఇప్పుడు పంట లేదు, సోలార్ పలకలున్నాయి. పనికి పోయినోళ్ళ పిల్లలు ఊర్లో అవ్వ తాతల దగ్గర పెరుగుతారు.

శనివారమొస్తే శనీశ్వరుని గుడికి యాడాడి నుంచో జనం వచ్చే టౌను పావగడ. అయినా డిసెంబరులో పిల్లోళ్ళది, ఏ దేవునికి మొక్కే ఇంటోళ్ళయినా సరే, ఒకటే పట్టు: "నాయనా, క్రిస్మస్ తాతను చూపీ!" టీవీలో, ఫోన్లో చూసింటారు కదా.

పావగడలో బస్సెక్కితే మధుగిరి కొండ, కొరటగెరె, డాబస్‌పేట దాటి బెంగళూరు చేరాల. దగ్గర దగ్గర 150 కిలోమీటర్లు. శివాజీనగర్‌లో దిగితే సెయింట్ మేరీస్ చర్చి. 1882లో ప్రతిష్ఠ అయింది. అక్కడ మేరీమాతకు చీర కడతారు. "మన అమ్మోరి మాదిరే ఉంది" అనుకుంటే పిల్లలకు కొత్త పోతుంది. అక్కడి నుంచి కమర్షియల్ స్ట్రీట్ నడిచే దూరమే. క్రిస్మస్ దినాల్లో పెద్ద అంగళ్ళ ముందర, మాల్స్‌లో ఎర్ర అంగీ, దూది గడ్డం వేసుకున్న తాత చాక్లెట్లు పంచుతా కనపడతాడు.

ఈ తాతకు మూలం ఇప్పటి టర్కీలో ఉన్న మైరా ఊరి బిషప్పు నికొలస్. నాలుగో శతాబ్దం మనిషి. అంగట్లో కూర్చునే తాత మాత్రం అమెరికాలో పుట్టినాడు. 1890లో బ్రాక్టన్ అనే ఊర్లో జేమ్స్ ఎడ్గర్ అనే అంగడి యజమాని తానే ఆ వేషం కట్టి పిల్లలను పలకరించినాడు. బ్రాక్టన్ బూట్ల ఫ్యాక్టరీల ఊరు. ఆయనకు చెయ్యి కలిపిన పిల్లల్లో మన మాదిరి కార్మికుల పిల్లలు తప్పకుండా ఉండుంటారు.

పోయేటోళ్ళకు రెండు మాటలు. చంటిది ఏడుస్తుంటే ఫోటో కోసరం తాత ఒళ్ళో కూర్చోబెట్టొద్దు. రెండు నెలలకోసారి ఇంటికొచ్చే నాయన దగ్గరికే ఒక పూట దాకా రాని బిడ్డ, ఎవరో గడ్డపాయన దగ్గరికి ఉన్నపళంగా ఎట్ల పోతుంది? ముందు దూరం నుంచి చూపీండి. అన్నో అక్కో చెయ్యి కలిపితే చిన్నది తానే వెనకాల పోతుంది. పోకపోయినా నష్టం లేదు.

తాత "ఏం కావాల?" అని అడిగితే బిడ్డ సైకిలు అంటాది. "తాత ఇస్తాడులే" అని మాటివ్వొద్దు. ఆ మాట తీర్చాల్సింది మన జీతమే. ఎంతలోపల కొనగలమో బస్సులోనే చెప్పండి. ఫోటోకు దుడ్డు తీసుకుంటారేమో ముందే కనుక్కోండి.

ఊరికి తిరిగొచ్చినాక బిడ్డ అవ్వకు చెప్పేది తాత గడ్డం సంగతి ఒకటే కాదు, నాయన భుజాల మీద కూర్చోని బెంగళూరు దీపాలు చూసిన సంగతి కూడా. మళ్ళీ సెలవు దొరికేదాకా ఆ నాయన మొహం బిడ్డ మరిచిపోకుండా ఉండేదానికి ఆ ఒక్క దినం పనికొస్తాది.