మా గొడవ

పెళ్ళయిన మూణ్ణెల్లకి మా అమ్మాయి నాలుగు రోజులుండి వెళ్దామని వచ్చింది. భోజనాల దగ్గర పప్పుచారు రుచి చూసి, "మా ఇంట్లో ఇందులో బెల్లం వెయ్యరు నాన్నా!" అంది.

వాళ్ళమ్మ నవ్వేసి ఊరుకుంది. నాకు మాత్రం ముద్ద దిగలేదు. బెల్లం గురించి కాదండీ, ఆ 'మా' గురించి!

ఇంగ్లీషు 'అవర్'తోనూ, హిందీ 'హమారా'తోనూ ఈ చిక్కు లేదు. ఎదుటివాణ్ణి కలుపుకున్నా, వదిలేసినా అదే మాట. మన తెలుగులో అలాక్కాదు. 'మన' అంటే వినేవాడు లోపల, 'మా' అంటే వినేవాడు బయట. ఇరవయ్యేళ్ళు పైగా పెంచిన తండ్రిని ఒక్క అక్షరంతో గుమ్మం బయట నిలబెట్టేసింది పిల్ల!

మధ్యాహ్నం నిద్ర పట్టక నిఘంటువులు ముందేసుక్కూచున్నాను. ఈ 'మా' సంగతేదో తేల్చుకుందామని. సంస్కృతంలో 'మా' అంటే లక్ష్మి. ఆవిడ ధవుడు గనకే విష్ణువు మాధవుడయ్యాడు. అదే సంస్కృతంలో 'మా' అంటే 'వద్దు' అని కూడా. తమిళంలో మామిడి. పెదవులు గుండ్రంగా చేసి కాస్త కుదించి పలికితే హంగేరీ వాళ్ళకి 'ఈరోజు'. చైనావాళ్ళది మరీ విడ్డూరం. ఒకే అక్షరం స్వరం ఎత్తీ దించీ పలికితే ఓసారి తల్లి, ఓసారి గుర్రం, ఓసారి తిట్టడం!

తెలుగుకీ, చైనా భాషకీ, హంగేరీ భాషకీ చుట్టరికమేమీ లేదు. పెదవులు మూసి తెరిస్తే చాలు, పసిపిల్లలక్కూడా పలికే ధ్వని అది. అంత తేలిగ్గా దొరికేదాన్ని ఎవరు మాత్రం వదులుకుంటారు? ఎవరి అవసరానికి వాళ్ళు వాడుకున్నారు.

ఇంతలో వసారాలోంచి అమ్మాయి గొంతు వినిపించింది. అత్తగారితో ఫోన్లో మాట్లాడుతోంది. "మా ఇంట్లో ఇంకో రెండ్రోజులుండి వస్తానత్తయ్యా!"

నిఘంటువు మూసేశాను. ఆ తల్లికి అక్కడ ముద్ద దిగుతుందో లేదో పాపం!

రాత్రికి చారులో బెల్లం వెయ్యొద్దని మా ఆవిడతో చెప్పాను. అమ్మాయి నాకేసి వింతగా చూసింది.

"అదేమిటి నాన్నా, మనింట్లో వేస్తాంగా?"

ఇంకో గరిటె చారు వడ్డించుకున్నాను.